డాక్టర్ లారీ పట్టిన పట్టు

లారీ అనగానే మన జమ్మలమడుగు రోడ్డు మీద నాపరాళ్లు వేసుకుని పోయే లారీ అనుకునేరు. నేను చెప్పబోయేది ఎడ్వర్డ్ లారీ అనే ఒక డాక్టరు సంగతి. నూట ముప్పై ఏళ్ల కిందట వైద్యలోకంలో ఆ పేరు తెలియనివాళ్లు తక్కువ. హైదరాబాదు అనే ఊరి పేరును లండన్ వైద్య పత్రికల్లోకి ఎక్కించిన మనిషి ఆయన. ఇప్పుడు మాబోటి మత్తు డాక్టర్లు తప్ప ఆయన్ను తలుచుకునేవాళ్లు లేరు.

యూనియన్ వారు ఈసారి సావనీరుకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసివ్వమన్నారు. గాంధీ గారి గురించీ, వివేకానందుని గురించీ రాసేవాళ్లు ఎటూ వుంటారు. ఈ కాలేజీలో బి.ఎస్సీ. చదివి, ఆ తర్వాత మెడిసిన్‌కు పోయి, చివరికి మత్తు ఇచ్చే వృత్తిలో పడ్డవాణ్ణి నేను. నా వృత్తిలోని మనిషి గురించి రాయడమే నాకు చేతనయిన పని. లారీ మహనీయుడా కాదా అన్నది చదివినవాళ్లు తేల్చుకుంటారు. నా మటుకు నాకు ఆయన మీద గౌరవమూ వుంది, కోపమూ వుంది.

మాది తిరుగుడు వృత్తి. పొద్దున ప్రొద్దుటూరులో ఒక నర్సింగ్ హోమ్, మధ్యాహ్నం జమ్మలమడుగు, కేసు వుందని ఫోనొస్తే సాయంత్రానికి పులివెందుల. ఎక్కడికి పోయినా ఆపరేషన్ థియేటర్ బయట ఒక అవ్వో, తల్లో నా చెయ్యి పట్టుకుని అడిగే మాట ఒక్కటే. పసిబిడ్డ సామీ, మత్తు ఎక్కువ ఇయ్యొద్దు, గుండె నిల్చిపోతాదేమో అని. ముప్పై ఏళ్లకు పైగా వింటున్నాను. మందు ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే క్షేమం అని వాళ్ల లెక్క. చూడబోతే ఎంతో సబబైన లెక్క. ఎడిన్‌బరోలో చదివి, నిజాం ఖజానా డబ్బుతో వందల జంతువుల మీద ప్రయోగాలు చేసిన లారీ దొర లెక్క కూడా అక్షరాలా ఇదే. అది తప్పని తేలడానికి అరవై ఏళ్లు పైన పట్టింది. ఆ అరవై ఏళ్లలో చనిపోయినవాళ్లలో ఏ జబ్బూ లేని పడుచువాళ్లు, పిల్లలు ఎందరో వున్నారు.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్ పీల్పించి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేసి చూపించారు. లారీ పుట్టింది ఆ సంవత్సరమే. తర్వాత ఆయన ప్రిన్సిపాల్‌గా పనిచేసిన హైదరాబాదు వైద్య పాఠశాల పుట్టింది కూడా ఆ సంవత్సరమే. జాతకాలు నమ్మేవాళ్లకు ఇది బాగుంటుంది. మరుసటి ఏడు నవంబరులో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు ఈథర్ కంటే క్లోరోఫారం మేలని కనిపెట్టాడు. వాసన తియ్యగా వుంటుంది, నాలుగు చుక్కలు గుడ్డ మీద పోస్తే చాలు, మనిషి నిమిషాల్లో నిద్రపోతాడు. దేశదేశాల డాక్టర్లు సంతోషపడ్డారు.

ఆ సంతోషం మూడు నెలలు కూడా నిలవలేదు. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లాండులో న్యూకాజిల్ దగ్గర వింలటన్ అనే ఊళ్లో హానా గ్రీనర్ అనే పిల్లకు కాలి గోరు తీయడానికి క్లోరోఫారం ఇచ్చారు. పిల్ల వయసు 15. అంతకు కొన్నాళ్ల ముందే ఇంకో వేలికి ఈథర్‌తో ఇలాంటి ఆపరేషనే జరిగింది, ఏమీ కాలేదు. ఈసారి మాత్రం పిల్ల బాగా భయపడి ఏడుస్తూ కూర్చుంది. ఒక చెంచాడు మందు గుడ్డ మీద పోసి ముక్కు దగ్గర పెట్టారు. గోరు కోయడం మొదలుపెట్టగానే పిల్ల ఒక్కసారి ఎగిరిపడింది, ముఖం పాలిపోయింది. మొత్తం రెండు మూడు నిమిషాల్లో ప్రాణం పోయింది. క్లోరోఫారం వల్ల పోయిందని ప్రపంచంలో మొదట లెక్కకెక్కిన మనిషి ఆ పిల్లే. కాలిగోరు తీయించుకోబోయిన పిల్ల!

సింప్సన్ ఏమన్నాడంటే, తెలివి తెప్పించాలని నోట్లో నీళ్లూ బ్రాందీ పోశారు, అవి గొంతుకు అడ్డంపడి పోయిందే గాని మందు తప్పు కాదన్నాడు. లండన్‌లో జాన్ స్నో వుండేవాడు. కలరా నీళ్ల వల్ల వస్తుందని 1854లో చూపించిన స్నోనే, మన విద్యార్థులకు తెలిసిన పేరే. ఆయన కాదన్నాడు, మందు ఆవిరి చిక్కగా పోయి గుండెను ఆపేసిందన్నాడు. 1858లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి 50 చావుల వివరాలు రాశాడు. అందులో చాలా మటుకు చిన్న చిన్న ఆపరేషన్లే. కాళ్లు కోసేసే పెద్ద ఆపరేషన్లలో జనం బతుకుతున్నారు, పన్ను పీకించుకునేవాళ్లు చస్తున్నారు. ఈ విడ్డూరం ఏమిటో స్నోకు కూడా పూర్తిగా అంతుబట్టలేదు.

అక్కణ్ణుంచి డాక్టర్లు రెండు జట్లయ్యారు. లండన్ వాళ్లు నాడి పట్టుకుని చూడమన్నారు. ఎడిన్‌బరో వాళ్లు నాడి మాటే ఎత్తవద్దు, ఊపిరిని చూడండి, ఊపిరి సరిగా వున్నంత వరకు గుండెకు ఢోకా లేదన్నారు. ఎడిన్‌బరో జట్టుకు పెద్ద జేమ్స్ సైమ్ అనే గొప్ప సర్జన్. మన లారీ ఆ సైమ్ శిష్యుడు. గురువు మీద ఆయనకు వున్నది మామూలు భక్తి కాదు. సైమ్ 1870లో పోయాడు, శిష్యుడు మాత్రం చివరిదాకా గురువాక్యాన్ని మోశాడు.

చదువయ్యాక లారీ ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మన దేశానికి వచ్చాడు. లాహోరులో కొంతకాలం పనిచేశాడు. 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు, అక్కడి వైద్య పాఠశాలకు ప్రిన్సిపాల్ కూడా అయ్యాడు. మన కడప జిల్లాను, దాని చుట్టుపక్కల సీమను 1800లో కుంపిణీ వాళ్లకు దత్తం చేసిన నిజాం వంశమే అక్కడ ఏలుతున్నది. అప్పటి నవాబు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, ఇరవై ఏళ్ల పడుచువాడు. లారీకి ఆయన దగ్గర మంచి పలుకుబడి వుండేది.

లారీ హైదరాబాదులో చేసిన మంచి పనులు మరుగున పడకూడదు. ఆ పాఠశాలలో ఉర్దూ బదులు ఇంగ్లీషులో పాఠాలు పెట్టించాడు. ఆడపిల్లలను చేర్చుకున్నాడు. వాళ్లలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ పిల్ల 1889లో చదువు పూర్తి చేసి, క్లోరోఫారం ఇచ్చే పనిలోనే స్థిరపడింది. ప్రపంచంలో మొట్టమొదటి మత్తు డాక్టరమ్మ ఆమే అంటారు. ఆపరేషన్లు ఆయన విద్యార్థుల ముందు చేసేవాడు, క్లోరోఫారం విద్యార్థుల చేతే ఇప్పించేవాడు. ఊపిరి, ఊపిరి, ఊపిరి చూడండి అన్నది ఆయన మంత్రం. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఇట్లా వేలమందికి ఇచ్చినా ఒక్క ప్రాణం పోలేదని ఆయన చెప్పుకునేవాడు.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. అంత తగువున్న మందును పట్టుకుని వేలాడకపోతే హాయిగా ఈథరే వాడొచ్చు గదా? ఇంగ్లాండులో చాలామంది అట్లాగే ఈథర్‌కు మళ్లారు. అయితే ఈథర్ 35 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ప్రొద్దుటూరు మే నెల ఎండ ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సీసా మూత తీస్తే సగం మందు గాలికే పోతుంది. పైగా దీపం తగిలితే భగ్గుమంటుంది. క్లోరోఫారం 61 డిగ్రీల దాకా మరగదు, అంటుకోదు, తక్కువ సరిపోతుంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు ఆసుపత్రి పెట్టింది కూడా పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దంలోనే. ఆ రోజుల్లో మన వేడి దేశంలో కత్తి పట్టిన డాక్టరుకు క్లోరోఫారం తప్ప గతి లేదు. లారీ వాదన లండన్ వాళ్లకు పుస్తకాల పంచాయితీ, ఇక్కడి రోగులకు చావుబతుకుల సంగతి.

1888లో లారీ నిజాం ప్రభుత్వం తరఫున ఒక కమిషన్ వేయించాడు. వందకు పైగా ఊరకుక్కలకు క్లోరోఫారం పీల్పించి, చచ్చేదాకా గమనించారు. ప్రతిసారీ మొదట ఊపిరి ఆగింది, ఆ తర్వాతనే గుండె ఆగింది. సైమ్ చెప్పింది నిజమని ప్రకటించారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక దీన్ని నమ్మలేదు. అప్పుడు లారీ చేసిన పని చూడండి. నవాబు గారి చేత వెయ్యి పౌన్లు ఇప్పించి, మీరే మీ మనిషిని పంపించి పరీక్షించుకోండి అని లాన్సెట్‌కు సవాలు విసిరాడు. ఆ ధైర్యం ఎంతమందికి వుంటుంది? తన మాటను తన విరోధి చేతే పరీక్ష చేయించుకోవాలనుకోవడం శాస్త్రజ్ఞుడి లక్షణం. ఇందుకే ఆయన మీద నాకు గౌరవం.

లాన్సెట్ వాళ్లు సర్ కూడా కాని రోజుల్లోనే మహా పేరు పొందిన లాడర్ బ్రంటన్‌ను పంపారు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడవచ్చునని 1867లో కనిపెట్టింది ఆయనే. క్లోరోఫారం గుండెను ఆపగలదని నమ్మి ఓడ ఎక్కినవాడు. 1889 చివర్లో రెండో కమిషన్ కూర్చుంది. లారీ, బ్రంటన్, బాంఫర్డ్, రుస్తుంజీ హకీం అందులో సభ్యులు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి ఐదువందల దాకా జంతువులను పరీక్షించారు. రక్తపు పోటును పొగచూరిన కాగితం మీద గీతలుగా గీయించారు. జంతువులను భయపెట్టి చూశారు. సగం మత్తులో పళ్లు పీకి, గోళ్లు ఊడదీసి కూడా చూశారు. పాపం ఆ నోరులేని జీవాలు. గుండె మాత్రం ముందుగా ఆగలేదు. డిసెంబరులో బ్రంటన్ లండన్‌కు తంతి కొట్టాడు, ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్లా, మోతాదు ఎక్కువ కావడం వల్లా వచ్చేదే గాని గుండెకు నేరుగా ఏమీ కాదని. వాదించడానికి వచ్చిన మనిషి లారీ పక్షంలో కలిసిపోయాడు. లారీ జీవితంలో అంతకు మించిన విజయం లేదు.

విజయమే గాని, ఇంగ్లాండులో చావులు ఆగలేదు. పన్ను పీకబోతే, వేలు కోయబోతే, హానా లాంటి భయపడ్డ పడుచువాళ్లు బల్ల మీదే పోతూ వచ్చారు. అట్లాంటి వార్త వచ్చిన ప్రతిసారీ లారీ జవాబు ఒక్కటే. ఆ డాక్టరు ఊపిరిని చూడలేదు, మందు ఎక్కువ ఇచ్చాడు, తప్పు మనిషిదే, మందుది కాదు. 1893లో కేంబ్రిడ్జ్‌లో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు క్లోరోఫారం నేరుగా గుండెనే బలహీనపరుస్తుందని ప్రయోగాలతో చూపించారు. లారీ ఒప్పుకోలేదు. ఇక్కడే నా కోపమంతా. తోటి డాక్టరు కళ్లతో చూసి, గుండె ముందు ఆగింది, ఊపిరి తర్వాత ఆగింది అని చెప్తుంటే, నీకు చూడటం రాలేదనడం వాదన కాదు. పదిహేనేళ్ల బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అది జవాబూ కాదు.

మన లెక్చరర్లలో స్టాటిస్టిక్స్ చెప్పేవారికి ఈ కథలో కిటుకు ఈపాటికే తట్టి వుంటుంది. ఆనాటి అంచనాల ప్రకారం క్లోరోఫారం వల్ల పోయేవాళ్లు సుమారు మూడు వేలకు ఒకరు. అంత అరుదైన ఆపద ఐదువందల జంతువుల్లో కనపడకపోతే అది లేదని అర్థమా? మన చిత్రావతిలో ఒక ఏడు నీళ్లు రాకపోతే అది ఏరే కాదన్నట్టు. అదిగాక మందు దట్టించి చంపితే ఊపిరే ముందు ఆగుతుంది, అది నిజమే. కాని హానా పోయింది మందు దట్టించినందువల్ల కాదు.

అసలు సంగతి బయటపెట్టినవాడు ఆల్‌ఫ్రెడ్ గుడ్‌మన్ లెవీ. 1911లో పిల్లులకు క్లోరోఫారం చాలా తక్కువగా, ఆపి ఆపి ఇచ్చాడు. ఆ తేలిక మత్తులో వున్నప్పుడు అడ్రినలిన్ ఒక చిన్న మోతాదు నరంలోకి ఎక్కించాడు. గుండె ఒక్కసారిగా కొట్టుకోవడం మానేసి వణకడం మొదలుపెట్టింది, పిల్లి చచ్చిపోయింది. నిండు మత్తులో వున్న పిల్లులకు అట్లా కాలేదు. ఐంథోవెన్ అనే డచ్చి ఆయన గుండె విద్యుత్తును గీతగా గీసే యంత్రాన్ని అప్పటికి కొన్నేళ్ల కిందటే తయారుచేశాడు. ఇప్పుడు మనం ఈసీజీ అంటున్నది దాన్నే. థామస్ లూయిస్‌తో కలిసి లెవీ ఆ లయ తప్పడాన్ని కాగితం మీద చూపించాడు. మొదట అక్కడక్కడా ఒక అడ్డదెబ్బ, తర్వాత వరసగా అడ్డదెబ్బలు, ఆ తర్వాత ఉత్త వణుకు.

ఈ వణుకును వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటాం. గుండె కండరంలో లెక్కలేనన్ని పోగులుంటాయి. తేరు మోకు పట్టుకున్న జనం లాంటివి అవి. గోవిందా అని ఒక్క కేక వేసి అందరూ ఒక్కసారి లాగితే తేరు కదుల్తుంది. ఎవరికి వాళ్లు తోచినప్పుడు లాగితే మోకు అదురుతుంది గాని తేరు అంగుళం జరగదు. క్లోరోఫారం గుండె పోగులను చిరాకు మనిషి మాదిరి చేస్తుంది, చిన్న మాటకే రెచ్చిపోయేట్టు. ఆ సమయంలో భయం వల్లో నొప్పి వల్లో ఒంట్లో అడ్రినలిన్ పొంగిందా, ఇక ఎవరి కేకకు ఎవరూ లాగరు. హానా భయపడి ఏడ్చింది, మత్తు నిండకముందే కత్తి పడింది, ఎగిరిపడింది. ఆ పిల్ల కథంతా ఇందులో వుంది. భయం, నొప్పి, అరకొర మత్తు, ఈ మూడూ ఒకచోట కలిసేది పన్ను పీకే చిన్న ఆపరేషన్లలోనే. పెద్ద ఆపరేషన్‌కు మత్తు నిండుగా ఇస్తారు. స్నోకు అంతుబట్టని విడ్డూరం అట్లా విడిపోయింది. అప్పటిదాకా ఆ వణుకు ఎవరి కంటా పడకపోవడానికి కారణం వుంది. అది బయటికి కనపడేది కాదు. నాడి వున్నట్టుండి అందకుండా పోతుంది, అంతే. పోయాక కోసి చూస్తే గుండె మామూలుగానే వుంటుంది.

మరి లారీ చేతుల్లో ఎందుకు చావులు లేవు? నాకు తోచింది చెప్తాను. ఆయన కమిషన్ నియమాల్లో ఒకటుంది, రోగికి మత్తు నిండే వరకు కత్తి పెట్టకూడదని. ఆయన దాన్ని ఊపిరి కోసమనే పెట్టాడు. కాని అదే గుండెనూ కాపాడింది. చేతులు చేసిన పని సరైనది, నోరు చెప్పిన కారణం సరైనది కాదు. మా వృత్తిలో ఇట్లాంటివాళ్లు ఇప్పటికీ కనపడుతుంటారు లెండి.

క్లోరోఫారం మా తరానికే పాతపడిపోయింది. నేను వృత్తిలోకి వచ్చిననాటికి దాని స్థానంలో హాలోథేన్ వుండేది. 1956లో వాడుకలోకి వచ్చిన మందు, దానికీ ఈ చిరాకు బుద్ధి కొంత వుంది. ఒకసారి పులివెందుల వైపు పల్లెనుంచి పన్నెండేళ్ల పిల్లవాణ్ణి టాన్సిల్స్‌కు తీసుకొచ్చారు. దారి పొడుగునా ఏడ్చాడట. మత్తు ఇచ్చి సర్జన్ పని మొదలుపెట్టిన కాసేపటికి మానిటర్ మీద వెడల్పాటి అడ్డదెబ్బలు కనపడ్డాయి. ఒకటి, రెండు, తర్వాత మూడు వరసగా. సర్జన్‌ను చెయ్యి ఆపమన్నాను. హాలోథేన్ తగ్గించి, ఆక్సిజన్‌తో ఊపిరి నేనే గట్టిగా ఆడించాను. ఒంట్లో బొగ్గుపులుసు గాలి పేరుకున్నా గుండె ఇట్లాగే చిరాకుపడుతుంది. నిమిషం గడిచేసరికి లయ దారిన పడింది. ఆ నిమిషంలో నేను లారీ మాట విని ఊపిరిని చూశాను, లెవీ మాట విని గుండెనూ చూశాను. బయట కూర్చున్న వాళ్ల అవ్వకు ఇవేమీ తెలియవు. మత్తు తక్కువే ఇచ్చినావు గదా నాయనా అని అడిగింది. తక్కువా ఎక్కువా కాదవ్వా, సరిపోయినంత ఇచ్చినాను అన్నాను. నమ్మినట్టు లేదు.

ఇప్పుడు పిల్లలకు సీవోఫ్లురేన్ వాడుతున్నాం. దానికి ఈ చిరాకు చాలా తక్కువ. అయినా భయపడ్డ పిల్లవాడిని ఏడుస్తుండగానే బల్ల ఎక్కించడం నాకు ఇష్టముండదు. తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని, నిద్రమందు పట్టించి, కళ్లు మూతలు పడ్డాకనే లోపలికి తీసుకుపోతాను. సర్జన్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

లారీకి పట్టుదల ఒక్క క్లోరోఫారంలోనే కాదు. లావెరాన్ 1880లో రక్తంలో చూసిన మలేరియా క్రిమిని కూడా ఆయన నమ్మలేదు, అది క్రిమే కాదని వాదించాడు. ఆయన కళ్లెదుటే, సికిందరాబాదులోనే, రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. ఒకే ఊళ్లో వైద్య చరిత్రలో రెండు పెద్ద కథలు జరిగితే, రెండింటిలోనూ లారీ వుండటం, రెండుసార్లూ తప్పు గట్టున నిలబడటం విచిత్రమే.

1901లో ఆయన క్లోరోఫారం మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులోనూ పాత పట్టే. ఆ రోజుల్లోనే ఉద్యోగం విరమించి ఇంగ్లాండు వెళ్లిపోయాడు. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆ తర్వాత కట్టింది. 1911లో లెవీ ఫలితాలు అచ్చయ్యేనాటికి లారీ బతికే వున్నాడు. 1915లో పోయాడు.

ఆయన శిష్యురాలు రూపాబాయి మాత్రం హైదరాబాదులోనే వుండి చాలా ఏళ్లు క్లోరోఫారం ఇస్తూ వచ్చింది. ఆపరేషన్ గదిలో వాడే మందుల గుణం తెలుసుకోవాలంటే వైద్యం ఒక్కటే చాలదనుకుని, 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి వచ్చింది. అప్పటికి ఆమె వృత్తిలోకి వచ్చి ఇరవై ఏళ్లు.